అప్‌డేట్: కుక్క పోయాక నిద్ర పట్టట్లేదని అడిగింది నేనే

రెండు నెలల క్రితం నా గోడు ఇది: పదమూడేళ్లు పెంచుకున్న కుక్కకి కిడ్నీలు పాడయ్యాయి, చివరి ఇంజెక్షన్‌కి సంతకం పెట్టింది నేనే, ఇంట్లోవాళ్లేమో "కుక్కే కదా" అంటున్నారు, ఏం చేయాలి అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనిచేసింది డాక్టర్ని మళ్లీ కలవమన్న సలహా. పాత రిపోర్టులు ముందు పెట్టి "నేను ముందే గమనించి ఉంటే బతికేదా?" అని అడిగేశాను. కిడ్నీల పనితనం దాదాపు 75 శాతం పోయాకే రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగినట్టు తెలుస్తుందట. అప్పటిదాకా చాలా కుక్కలు మామూలుగానే తిరుగుతాయట. ఆ రాత్రి ఆరు గంటలు నిద్రపోయాను.

ఆ తర్వాత, పెంపుడు జంతువుల్ని పోగొట్టుకున్నవాళ్ల గ్రూప్ కాల్. మొదటి రెండుసార్లూ మైక్ ఆఫ్ చేసుకుని విన్నానంతే. మూడోసారి, చిలుక పోయిన ఒక పెద్దాయన, ఖాళీ పంజరం తలుపు ఇంకా రోజూ పొద్దున్నే తెరుస్తున్నానన్నారు. అప్పుడు నోరు విప్పాను, నేనూ అన్నం తినేటప్పుడు చివరి ముద్ద పక్కన పెడుతున్నానని. ఎవరూ నవ్వలేదు.

వెంటనే ఇంకో కుక్కపిల్లని తెచ్చుకోవడం నావల్ల కాలేదు. దుఃఖానికి ఐదు దశలన్న లెక్క కూడా పనికిరాలేదు. కుబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో అది రాసింది మరణానికి దగ్గరైన రోగుల గురించి. నేను ఏ దశలో ఉన్నానా అని ఊరికే టెన్షన్ పడ్డాను.

కుక్క గొలుసు తీసేయమన్నారు కొందరు. తీయలేదు, తలుపు వెనక మేకుకే ఉంది.