చైనా కోటగోడ పాత ఫొటో: ఏ ఊరు, ఏ కాలం?

పాతపటాలు:
అట్టకు అంటించిన నలుపు తెలుపు ఫొటో, 9×14 సెం.మీ. అట్ట వెనక పెన్సిల్‌తో ‘గ్రేట్ వాల్, చైనా’ అని రాసి ఉంది. నాకు మాత్రం ఏదో నగరపు కోటలా కనిపిస్తోంది. ఎత్తయిన ఇటుక బురుజు, ముందువైపు నాలుగు వరసల చదరపు కిటికీలు, వరసకు 12. కింద ద్వారం లేదు. వెనక కాస్త ఎడంగా స్తంభాల వసారాలున్న ఇంకో మేడ, రెంటి మధ్య రైలు పట్టాలు. బురుజు ముఖం మీద ఎండ బాగా పడుతోంది. ఇది ఏ ఊరు? ఎలా స్కాన్ చేయాలి?

కందకం:
మహాకుడ్యం కాదండి. బీజింగ్ లోపలి నగరపు గోడ. దానికి తొమ్మిది ద్వారాలు, ప్రతి ద్వారానికీ రెండు మేడలు: లోపల వసారాల మేడ, ముందు బాణాల మేడ (మీరు బురుజు అన్నది ఇదే). రెంటినీ కలుపుతూ చుట్టూ ముందుకోట గోడ ఉండేది. బయటి తలుపు విరగ్గొట్టి వచ్చిన శత్రువు ఆ ఆవరణలో చిక్కుకుని అన్ని వైపుల నుంచీ బాణాల పాలయ్యేవాడు. అందుకే దారిని పక్కనుంచి తిప్పారు, బాణాల మేడ కింద ద్వారం పెట్టలేదు. ఈ తొమ్మిదిలో జెంగ్‌యాంగ్‌మెన్‌కు ఒక్కదానికే కింద ద్వారం ఉంది, దాని కిటికీలు వరసకు 13. దక్షిణాన ఉన్న బయటి నగరపు ద్వారాలకైతే కిటికీలు రెండే వరసలు.

చైనాలోనే మరో నగరమైన షియాన్ కోటలోనూ నాలుగు వరసల బురుజులున్నాయి కాబట్టి కిటికీలు లెక్కపెట్టి అక్కడితో ఆగకూడదు. మీ ఫొటోలో అసలు ఆధారం పట్టాలు. 1915లో నగరం చుట్టూ రైలు వేసేటప్పుడు దషెంగ్‌మెన్, అన్‌దింగ్‌మెన్, దోంగ్‌జిమెన్, చావ్‌యాంగ్‌మెన్ అనే నాలుగు ద్వారాల ముందుకోటలు పడగొట్టి, రెండు మేడల మధ్యగా పట్టాలు పోనిచ్చారు. కాబట్టి ఫొటో అంతకు ముందుది కాదు.

వెలుగునీడ:
ఎండను కూడా లెక్కలోకి తీసుకోండి. దషెంగ్‌మెన్, అన్‌దింగ్‌మెన్ ఉత్తరపు గోడవి. బీజింగ్ సుమారు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, ఉత్తరపు ముఖం మీద వేసవిలో పొద్దున్నే, సాయంత్రం మాత్రమే ఏటవాలు ఎండ పడుతుంది. నిండుగా వెలుగుంటే తూర్పు గోడే, ఉదయం వేళ. అంటే దోంగ్‌జిమెన్ లేదా చావ్‌యాంగ్‌మెన్.

స్కానింగ్ సంగతి: 1200 డీపీఐ (అంగుళానికి చుక్కలు), 16 బిట్ రంగు లోతు, టిఫ్ ఫైలు. నలుపు తెలుపు ఫొటో అయినా రంగుల్లోనే తీయండి, అప్పుడే మరకకూ నీడకూ తేడా తెలుస్తుంది. దుమ్ము తొలగించే ఆప్షన్ ఆపేయండి, అది చిన్న నల్ల కిటికీలను కూడా దుమ్మనుకుని చెరిపేస్తుంది. ఏఐతో పదును పెట్టిన కాపీలో కిటికీలు లెక్కపెట్టవద్దు, లేనివి పుట్టుకొస్తాయి. అట్ట నుంచి ఫొటోను ఊడదీయకండి. బొమ్మ ఉండే ఎమల్షన్ పొర చిరిగితే మళ్లీ అతకదు. అట్ట వంగి ఉంటే స్కానర్ మూతతో నొక్కకుండా కెమెరాతో పైనుంచి తీయడం మేలు. పెన్సిల్ రాత మసకగా ఉంటే టార్చిలైటు పక్కనుంచి వాలుగా వేసి చూడండి.

పాతపటాలు:
స్కాన్ చేశాను. వెనక మేడ కింది కమాను మీద రాతి పలక కనిపిస్తోంది. మూడు అక్షరాలు, ఎడమ చివరిది రెండు తలుపు రెక్కల్లా ఉంది.

కందకం:
అయితే ఫొటో అద్దంలోలా తిరగబడలేదు. ఆ పలకలను కుడి నుంచి ఎడమకు చదవాలి. ‘మెన్’, అంటే ద్వారం అనే అక్షరం చివర వస్తుంది, అంటే ఎడమ కొసన ఉంటుంది. ఇప్పుడు కుడి చివరి అక్షరం చూడండి. మధ్యలో నిలువు గీతతో రెండు పక్కలా ఒకేలా ఉంటే దోంగ్‌జిమెన్. పక్కపక్కనే రెండు వేర్వేరు ముక్కలుగా ఉంటే చావ్‌యాంగ్‌మెన్. దోంగ్‌జిమెన్ బాణాల మేడను 1927లో కూల్చారు, కాబట్టి అదైతే మీ ఫొటో 1915–27 మధ్యది. చావ్‌యాంగ్‌మెన్‌ది 1950ల వరకూ నిలిచింది కనుక, అదైతే కాలం తేల్చడానికి మనుషుల బట్టలు, బళ్లు చూడాలి. ఆ భాగం కత్తిరించి ఇక్కడ పెట్టండి.