పాత మోటార్‌హోమ్‌లో ఆయిల్ కూలర్ ఫిట్టింగ్ కారుతోంది: బిగించాలా, మార్చాలా?

ప్రశ్న (డాలస్ వాసి)

అందరికీ నమస్కారం. 1995 నాటి షెవ్రొలే పి30 ఛాసీ మీద కట్టిన క్లాస్ ఎ మోటార్‌హోమ్ (లోపలే ఉండి ప్రయాణించే బస్సులాంటి బండి) మా దగ్గర ఉంది. ఇంజిన్ 454, అంటే 7.4 లీటర్ల వి8 పెట్రోలు ఇంజిన్. హైవే మీద కొంతదూరం నడిపి ఆపినప్పుడల్లా డ్రైవరు వైపు రేడియేటర్ కింద గోధుమరంగు ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఏమీ కారదు. టార్చిలైటు వేసి చూస్తే, ఆయిల్ ఫిల్టరు దగ్గర నుంచి వచ్చే రెండు గొట్టాలు ఇంజిన్ ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్ ఉన్న రేడియేటర్ పక్క ట్యాంకులోకి వెళ్లే చోట, పై ఫిట్టింగ్ (గొట్టాన్ని ట్యాంకుకు కలిపే భాగం) చుట్టూ తడిగా ఉంది. గేర్‌బాక్సు ఆయిల్ గొట్టాలు రెండో వైపున ఉన్నాయి. అక్కడంతా పొడిగానే ఉంది, ఆ ఆయిల్ మట్టమూ తగ్గలేదు.

గొట్టాల రెండు చివరలూ ఉక్కువి, నడుమ రబ్బరు హోస్ ఉంది. రేడియేటర్ దగ్గర గొట్టానికి నట్టు లేదు. గొట్టం నేరుగా ఫిట్టింగ్‌లోకి దూరి ఉంది, చుట్టూ సన్నటి తీగ క్లిప్పు ఒకటి కనిపిస్తోంది. కూలెంట్‌లో, అంటే రేడియేటర్‌లోని ద్రవంలో, నూనె తెట్టు లేదు.

ఒక వర్క్‌షాపువారు రేడియేటర్‌తో సహా అన్నీ మార్చాలన్నారు. తెలిసినవారొకరు ఫిట్టింగ్ విప్పి టెఫ్లాన్ టేపు చుట్టి గట్టిగా బిగిస్తే చాలన్నారు. ఈ రెండింటిలో ఏది సరైనదో నాకు తేలడం లేదు. వేసవిలో కుటుంబంతో కొలరాడో వెళ్లాలనుకుంటున్నాము. దారిలో రటోన్ కనుమ 7,834 అడుగుల ఎత్తున ఉంది కనుక ఇంజిన్ బాగా వేడెక్కుతుంది. దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (పాత బండ్ల మెకానిక్, హ్యూస్టన్)

నమస్కారమండీ. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది జనరల్ మోటార్స్ వాడిన క్విక్ కనెక్ట్ ఫిట్టింగ్, అంటే గొట్టాన్ని లోపలికి నెడితే క్లిప్పు పట్టుకునే రకం. దానికి టెఫ్లాన్ టేపుతో ఏ సంబంధమూ లేదు. ఏ ఫిట్టింగ్‌లోనైనా ఆయిల్‌ను ఆపుతున్నది ఏ భాగమో తెలుసుకోకుండా స్పానర్ పట్టకూడదు. సన్నగిల్లుతూ పోయే మరలున్న పైపు ఫిట్టింగ్‌లో మరలే ఆయిల్‌ను ఆపుతాయి కాబట్టి అక్కడ సీలెంట్ అవసరం. ఫ్లేర్ ఫిట్టింగ్‌లో గంటలా విప్పారిన గొట్టం అంచు ఎదుటి లోహానికి అదుముకుని ఆపుతుంది. మరలు చేసేది అదిమిపట్టే పని మాత్రమే. మీ ఫిట్టింగ్‌లో ఆపేది లోపల కూర్చున్న ఓ-రింగ్ అనే గుండ్రటి రబ్బరు వలయం, గొట్టం బయటికి రాకుండా పట్టుకునేది ఆ తీగ క్లిప్పు. గొట్టం చివర బిగించడానికి అసలు ఏమీ లేదు. ముప్పై ఏళ్లు వేడెక్కి చల్లారిన రబ్బరు సాగే గుణం కోల్పోయి గట్టిపడుతుంది. హైవే మీద ఇంజిన్ వేగంతో ఆయిల్ ఒత్తిడి పెరిగి, వేడికి ఆయిల్ పలచబడినప్పుడు ఆ గట్టిపడిన ఓ-రింగ్ పక్కనుంచి దారి చేసుకుంటుంది. నిలబడి ఉన్నప్పుడు కారకపోవడానికి కారణం ఇదే.

అయితే విడిభాగాలు కొనే ముందు కారుతున్న చోటును నిర్ధారించుకోండి. ఫ్యాను గాలి రేడియేటర్ నుంచి ఇంజిన్ వైపు వీస్తుంది కాబట్టి తడి వ్యాపిస్తుంది, తడి కనిపించిన చోటే లీకు ఉండాలన్న నియమం లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రెండు ఫిట్టింగ్‌లనూ, రబ్బరు హోస్‌ను ఉక్కు గొట్టానికి నొక్కి బిగించిన లోహపు పట్టీలనూ, ఫిల్టరు దగ్గరి అడాప్టరునూ బ్రేక్ క్లీనరుతో శుభ్రం చేసి ఆరనివ్వండి. ఇంజిన్ ఆయిల్‌లో కలిపే, అతినీలలోహిత దీపం కింద వెలిగే రంగు విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. అది కలిపి, బండిని వేడెక్కేదాకా నడిపి, చీకట్లో ఆ దీపంతో చూడండి. ఈ వయసు గొట్టాలలో నొక్కుడు పట్టీల దగ్గర చెమర్చడం చాలా సాధారణం. అక్కడ కూడా వెలుగు కనిపిస్తే ఓ-రింగ్ ఒక్కటే మార్చి ప్రయోజనం లేదు.

లీకు ఫిట్టింగ్‌లోనే అని తేలితే పని కష్టమైనది కాదు, కానీ ఓపిక కావాలి. సన్నటి కొక్కెంతో క్లిప్పును తీసి, గొట్టాన్ని వంచకుండా తిన్నగా వెనక్కి లాగండి. గొట్టం చివర తుప్పు గుంటలు గాని, గీతలు గాని ఉంటే కొత్త ఓ-రింగ్ కూడా నిలవదు. ఓ-రింగ్, క్లిప్పులతో కలిపి మొత్తం ఫిట్టింగ్ దొరుకుతుంది కనుక అదే కొనండి. ఓ-రింగ్ విడిగా కొనవలసి వస్తే మామూలు నైట్రైల్ కంటే వేడికి బాగా ఓర్చుకునే వైటాన్ రకం తీసుకోండి, కొలత మాత్రం తేడా రాకూడదు. పాత క్లిప్పును మళ్లీ వాడవద్దు. కొత్తదాన్ని పైనుంచి నొక్కి ఎక్కించకూడదు. ఒక కొసను గాడిలో తగిలించి, చుట్టూ తిప్పుతూ మూడు చెవులూ మూడు గాడుల్లోంచి లోపలికి కనిపించేలా కూర్చోబెట్టాలి. ఓ-రింగ్‌కు శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాసి, టక్కుమన్న చప్పుడు వినబడేదాకా గొట్టాన్ని నెట్టండి. తర్వాత గట్టిగా వెనక్కి లాగి చూడండి. కొన్నింటికి ప్లాస్టిక్ టోపీ వస్తుంది. క్లిప్పు సరిగా కూర్చోకపోతే ఆ టోపీ ఫిట్టింగ్ మీదికి ఎక్కదు. కాబట్టి దాన్ని పారవేయకండి. ఈ క్లిప్పు విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నడుస్తుండగా గొట్టం ఊడితే ఆయిల్ పంపు ఇంజిన్‌లోని ఆయిల్ మొత్తాన్ని చూస్తుండగానే రోడ్డు మీద పోసేస్తుంది.

జవాబు 2 (హోస్ పని తెలిసినవాడిని)

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీల హైడ్రాలిక్ హోస్‌ల పని నేర్చుకుని, ఇప్పుడు ఇక్కడ అదే పనిలో ఉన్నాను. ఆ అనుభవంతో ఒక విషయం చేర్చాలనిపించింది.

ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది, ప్రతి గేరు మార్పుకూ కదులుతుంది. రేడియేటర్ మాత్రం ఛాసీకి బిగించి ఉంటుంది. ఈ రెండింటి మధ్య కదలికను భరించడానికే గొట్టం నడుమ రబ్బరు పెట్టారు. ఇంజిన్ మౌంట్ చిరిగిపోయినా, గొట్టాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ విరిగినా, రబ్బరు రాయిలా గట్టిపడినా ఆ కదలికంతా ఫిట్టింగ్ మీదే పడి, ఓ-రింగ్ ఒక వైపు అరిగిపోతుంది. కొత్త ఓ-రింగ్ వేసిన కొద్ది రోజులకే మళ్లీ కారిందని వచ్చే బండ్లలో నేను మొట్టమొదట వెతికేది ఆ బ్రాకెట్‌నే. మీరు గొట్టాన్ని విప్పినప్పుడు అది తనంతట తాను ఫిట్టింగ్‌కు ఎదురుగా నిలుస్తోందా, లేక బలవంతంగా పక్కకు లాగి అమర్చవలసి వస్తోందా అన్నది గమనించండి.

నొక్కుడు పట్టీ దగ్గర లీకు ఉంటే కొత్త గొట్టాల జత కొనవచ్చు. దొరకకపోతే పాత జతను హైడ్రాలిక్ హోస్ దుకాణానికి తీసుకువెళ్తే ఉక్కు చివరలు బాగున్నంతవరకు వాటికే కొత్త హోస్ నొక్కి ఇస్తారు. వేడి ఇంజిన్ ఆయిల్ కోసమని స్పష్టంగా చెప్పండి. మామూలు హైడ్రాలిక్ హోస్‌లు చాలావరకు 100 డిగ్రీల సెల్సియస్ దాకా మాత్రమే పనికివస్తాయి, కొండ ఎక్కే ఇంజిన్‌లో ఆయిల్ ఆ వేడిని దాటగలదు. పాత హోస్‌ను కోసి, కొత్త ముక్క తొడిగి, స్క్రూ క్లాంపులతో బిగించే పద్ధతిని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. తక్కువ ఒత్తిడి ఉండే గేర్‌బాక్సు కూలర్ గొట్టాలకు, దానికి తగిన హోస్‌తో అది చెల్లుతుంది. ఇంజిన్ ఆయిల్ ఒత్తిడికి ఆ క్లాంపులు నిలవవు.

డాలస్ వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లు రంగు కలిపి నడిపి చూశాను. పై ఫిట్టింగ్ దగ్గర స్పష్టంగా వెలుగు కనిపించింది. కింది గొట్టం నొక్కుడు పట్టీ దగ్గర కూడా సన్నటి గీతలా ఉంది. గొట్టాలను పట్టి ఉంచే బ్రాకెట్‌కు బోల్టు లేదు, బ్రాకెట్ వేలాడుతోంది. కనుక గొట్టాల జత మొత్తం మార్చాలని నిర్ణయించుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. రేడియేటర్‌లోకి మరలతో బిగించిన ఫిట్టింగ్ బాగా పట్టేసి ఉంది, దాన్ని బలంగా తిప్పవచ్చా? దారిలో మళ్లీ లీకు వస్తే రెండు గొట్టాలనూ మూసేసి ఇంటిదాకా రావచ్చా?

జవాబు 3 (రేడియేటర్ పని చేసేవాడిని)

ఒక్క స్పానర్‌తో బలంగా తిప్పవద్దండీ. ఆ ఫిట్టింగ్ బిగిసి ఉన్నది ట్యాంకు లోపల కూలెంట్‌లో మునిగి ఉండే చిన్న కూలర్‌కు. ట్యాంకు బయటికి కనిపించే కూలర్ నట్టును ఒక స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, రెండో స్పానర్‌తో ఫిట్టింగ్‌ను తిప్పాలి. లేకపోతే లోపలి కూలర్ మెలిపడి అతుకు పగులుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి కూలెంట్ ఒత్తిడి కంటే చాలా ఎక్కువ కాబట్టి ఆయిల్ కూలెంట్‌లోకి చేరుతుంది, ఆపాక కూలెంట్ ఆయిల్‌లోకి రావచ్చు. కూలెంట్ కలిసిన ఆయిల్ బేరింగులను పాడుచేస్తుంది. చిన్న ఓ-రింగ్ కోసం మొదలైన పని ఇంజిన్ విప్పేదాకా పోతుంది. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే ద్రవం రాసి ఉంచండి. అప్పటికీ రెండు స్పానర్లతో కదలకపోతే ఫిట్టింగ్‌ను అక్కడే ఉండనిచ్చి, లోపలి ఓ-రింగ్‌ను మాత్రం కొక్కెంతో జాగ్రత్తగా తీసి మార్చండి. ఫిట్టింగ్ లోపలి గోడకు గీత పడకూడదు.

గొట్టాలను మూసేయకూడదు. ఫిల్టరు అడాప్టరు నుంచి బయటికి వెళ్లిన ఆయిల్ తిరిగి ఇంజిన్‌కు చేరాలి. కొన్ని అడాప్టర్లలో కూలర్ దారి మూసుకుపోతే ఆయిల్‌ను నేరుగా ఇంజిన్‌కు పంపే బైపాస్ వాల్వు ఉంటుంది గాని, ఇంత పాత వాల్వును నమ్ముకుని నడపడం నాకు సమ్మతం కాదు. తప్పనిసరైతే, ఆ ఒత్తిడికి తగిన ఫిట్టింగ్‌లతో ఒక గొట్టాన్ని రెండోదానికి కలిపి, కూలర్ లేకుండా ఆయిల్ చుట్టి వచ్చేలా చేసి, నెమ్మదిగా దగ్గరి ఊరిదాకా మాత్రమే నడపవచ్చు. కొండ ఎక్కడానికి అది పనికిరాదు.

మరొక ముఖ్యమైన మాట. ఈ బండ్లలో ఇంజిన్ ముందు సీట్ల మధ్య కవరు కిందే ఉంటుంది. ఫ్యాను విసిరిన ఆయిల్ కొండ ఎక్కుతూ కాలిపోతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి వచ్చే లోహపు భాగం) మీద పడితే మంట పుట్టగలదు. అందువల్ల ఈ లీకును చిన్నదిగా చూసి ప్రయాణానికి బయలుదేరవద్దు. పనిచేసేటప్పుడు బండిని ఆపినచోట సమంగా నిలిపే దాని సొంత లెవెలింగ్ జాకీల మీద నిలిపి కిందికి దూరవద్దు. బరువుకు తగిన జాక్ స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేయండి.

డాలస్ వాసి

పని పూర్తయింది. పై ఫిట్టింగ్ రెండు స్పానర్లతో కదిలింది, కిందిది కదలలేదు కనుక అక్కడ ఓ-రింగ్, క్లిప్పు మాత్రమే మార్చాను. గొట్టాల జత కొత్తది, బ్రాకెట్‌కు బోల్టు వేశాను. పాత గొట్టాన్ని విప్పగానే ఒక అంగుళం దాకా పక్కకు జరిగింది, అంటే ఇన్నాళ్లూ దాని లాగుడంతా ఫిట్టింగ్ మీదే పడిందన్నమాట. హైవే మీద నడిపి వచ్చి దీపంతో చూస్తే రెండు చోట్లా పొడిగానే ఉంది. ఆయిల్ ఎంత పోయాలి, మళ్లీ ఎప్పుడు చూసుకోవాలి?

జవాబు 1 (పాత బండ్ల మెకానిక్, హ్యూస్టన్)

సంతోషమండీ. కొత్త గొట్టాలు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, ఆయిల్ కిందికి దిగాక డిప్‌స్టిక్ చూసి కొంచెం కొంచెంగా గుర్తుదాకా పోయండి. ముందే లెక్కగట్టి పోస్తే ఎక్కువైపోతుంది. కొలరాడో దారిలో పెట్రోలు పోయించుకునే ప్రతిచోటా డిప్‌స్టిక్, ఫిట్టింగ్ రెండూ చూడండి. కింది ఫిట్టింగ్ పాతదే కనుక దాని మీద దృష్టి ఎక్కువగా ఉంచండి. అదే కొలత ఓ-రింగ్‌లు, క్లిప్పులు రెండేసి, ఆయిల్ కొన్ని క్వార్టులు బండిలో పెట్టుకోండి.