సర్వర్ లేకుండా 18 కంప్యూటర్లకు అప్‌డేట్లు టైం పెట్టి నడిపేదెలా?

నమస్కారమండీ. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇక్కడొక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో సిస్టమ్స్ చూసుకునేది నేనొక్కడినే. 18 మెషీన్లు, అన్నీ విండోస్ 11 ప్రో. అన్నిటినీ ఒకేచోట నుంచి నడిపించే డొమైన్ లేదు.

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు వదులుతుంది. మనకప్పుడు రాత్రి పదిన్నరో, పదకొండున్నరో. ఆ టైంకి మావన్నీ ఆపేసి ఉంటాయి, మెయిన్ స్విచ్‌తో సహా. ఇక బుధవారం పొద్దున్న అన్నీ ఒక్కసారే డౌన్‌లోడ్ మొదలెట్టేసరికి నెట్ పాకుతుంది. గురువారం ఇంకో తంటా. ముందురోజు ఎవరో 'అప్‌డేట్ అండ్ షట్‌డౌన్' నొక్కి వెళ్లారు, పొద్దున్న ఆన్ చేస్తే 30 శాతం దగ్గరే చక్రం తిరుగుతోంది. పాతపట్నం నుంచి ఏడింటి బ్యాచ్‌కి వచ్చిన పిల్లలు అరగంట గోళ్లు గిల్లుకున్నారు. ఓనర్ గారు ఒడియాలో నాకు పెట్టిన చీవాట్లు వేరే సంగతి.

విండోస్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్ సెట్టింగ్‌లో అప్‌డేట్లు పక్క పీసీల నుంచి తీసుకునేలా పెట్టాను, డౌన్‌లోడ్ బాధ కొంత తగ్గింది. లిబ్రే ఆఫీస్ లాంటివి మాత్రం ఇంకా పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగి ఎక్కిస్తున్నాను. వింగెట్ (కమాండ్‌తో సాఫ్ట్‌వేర్ ఎక్కించే విండోస్ టూల్) స్క్రిప్టు రాసి, పెట్టిన టైంకి పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాను. నేను లాగిన్ అయి నడిపితే పనిచేస్తుంది, ఎవరూ లాగిన్ కాకపోయినా నడిచే విండోస్ సొంత 'సిస్టమ్' అకౌంట్ కింద పెడితే ఆ కమాండే లేదంటోంది. దీనికి దారేంటి?

డబ్ల్యూసస్‌కి (సర్వర్ నుంచి అన్ని పీసీలకూ అప్‌డేట్లు పంచే మైక్రోసాఫ్ట్ టూల్) కొత్త ఫీచర్లు ఇక రావని 2024లోనే చెప్పేశారు, దానికోసం సర్వర్ కొనమని ఓనర్ గారిని అడగలేను. ఆదివారం మధ్యాహ్నం కరెంటు ఉంచి, వేక్ ఆన్ లాన్‌తో (ఆపి ఉన్న మెషీన్లను నెట్‌వర్క్ ద్వారా ఆన్ చేసే పద్ధతి) అన్నీ లేపి పని కానిద్దామనుకుంటున్నా. ఇలా చేస్తున్నవాళ్లెవరైనా ఉన్నారా?