లా డిగ్రీలో క్రిమినాలజీ ఆప్షనల్ తీసుకోవచ్చా, దండగా?

నాలుగో_సెమ్:
వచ్చే సెమిస్టర్‌కి ఆప్షనల్ ఎంచుకోవాలి, శుక్రవారంలోపు ఫారం ఇవ్వాలి. క్రిమినాలజీ (మనుషులు నేరాలు ఎందుకు చేస్తారు, వాటిని ఎలా ఆపాలి అని చదివే సబ్జెక్టు), టాక్సేషన్ మధ్య ఊగుతున్నాను. డిగ్రీ అయ్యాక క్రిమినల్ సైడ్ ప్రాక్టీస్ చేయాలని ఉంది. సీనియర్లలో కొందరు "అది సోషియాలజీ వాళ్ల సబ్జెక్టు, మనకెందుకు" అంటున్నారు, ఇంకొందరు "మార్కులు బాగా పడతాయి, కళ్లు మూసుకుని తీసుకో" అంటున్నారు. రెండూ నాకు ఎక్కలేదు. చదివినవాళ్లు చెప్పండి.

నల్లకోటు:
టాక్సేషన్ తీసుకో తమ్ముడూ. నా ప్రాక్టీసులో ఇంతవరకు ఏ జడ్జి ముందూ "నేరాల మీద సిద్ధాంతం రాసిన మెర్టన్ ఏమన్నాడంటే" అని నోరు విప్పాల్సిన పని పడలేదు. నేరానికి కావాల్సిన అంశాలు రుజువయ్యాయా, సాక్ష్యం క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడుతుందా, మినహాయింపు ఏదైనా వర్తిస్తుందా, కోర్టుకి ఇవి చాలు. వాడు ఎందుకు అలా తయారయ్యాడన్నది వాణ్ణి కన్నవాళ్లు ఆలోచించుకోవాలి.

గోడమీది_పిల్లి:
మార్కులు మాత్రం పడతాయి. అది అబద్ధం కాదు.

అంకెలపిచ్చి:
నల్లకోటు గారు చెప్పింది విచారణ వరకే. బెయిల్ దగ్గర, శిక్ష ఖరారు చేసే రోజు, పెరోల్ దగ్గర కోర్టులో అందరూ మాట్లాడేది క్రిమినాలజీయే. కాకపోతే చదవకుండా మాట్లాడతారు. "కఠినంగా శిక్షిస్తేనే మిగతావాళ్లకి బుద్ధొస్తుంది" అని పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) అన్నాడంటే అదొక సిద్ధాంతం. 1764లోనే ఇటలీ ఆలోచనాపరుడు బెకారియా దానికి అడ్డు చెప్పాడు: శిక్ష ఎంత క్రూరమన్నదానికంటే, దొరక్క తప్పదన్న భయమే మనిషిని ఆపుతుందని. తర్వాత వచ్చిన పరిశోధనలూ ఎక్కువగా అటే మొగ్గాయి. ఇది తెలిసిన డిఫెన్స్ లాయరు ఆ వాక్యాన్ని ఊరికే పోనివ్వడు.

ఇంకోటి. 1945లో పుట్టి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పెరిగిన 9,945 మంది మగపిల్లల పోలీసు రికార్డులు చూసి వుల్ఫ్‌గాంగ్ అనే పరిశోధకుడి బృందం 1972లో ఒక అధ్యయనం ప్రచురించింది. రికార్డుకెక్కిన నేరాల్లో సగానికి పైగా 6 శాతం పిల్లలవే. ఇది బయటికి రాగానే "ఆ ఆరు శాతాన్ని ముందే లోపలేస్తే సరి" అన్నవాళ్లున్నారు. అన్నీ అయిపోయాక వెనక్కి చూస్తే ఆరు శాతం ఎవరో కనబడతారు. పద్నాలుగేళ్ల పిల్లాణ్ణి ఎదురుగా నిలబెట్టి వీడు అందులో ఉంటాడో లేదో చెప్పడం వేరే పని. ఇలాంటి అంకెని ఎవరైనా కోర్టులో విసిరితే అది ఎక్కడ విరుగుతుందో తెలియాలా వద్దా?

ఆఖరి_బెంచీ:
లాంబ్రోసో ఇంకా సిలబస్‌లో ఉన్నాడా? దవడ పెద్దదైతే పుట్టు నేరస్థుడు అన్న ఇటలీ డాక్టరు. అలాంటివాణ్ణి చదివించే సబ్జెక్టుకి ఓ దండం.

అంకెలపిచ్చి:
ఉన్నాడు, ఉండాలి కూడా. 1876లో ఆయన పుస్తకం వస్తే, 1913లో గోరింగ్ అనే జైలు డాక్టరు ఇంగ్లండ్ జైళ్లలో మూడు వేల మందికి పైగా ఖైదీల్ని కొలిచి, మామూలు జనం కొలతలతో పోల్చి, అలాంటి ప్రత్యేక జాతి ఏదీ లేదని తేల్చాడు. జైల్లో కొలిస్తే మనకు దొరికేది నేరం చేసినవాళ్లందరూ కాదు, పట్టుబడినవాళ్లు. ఈ ఒక్క ముక్క ఒంటబడితే చాలు, సబ్జెక్టు సగం వచ్చినట్టే.

ఆఖరి_బెంచీ:
తప్పని తేలినవాణ్ణి పదిహేను మార్కులకు ఎందుకడుగుతారండీ? "లాంబ్రోసో చేసిన కృషిని వివరించుము" అని ఇచ్చారు. కృషేమీ లేదు, కీడే చేశాడని రెండు పేజీలు కారణాలతో రాశాను. ఆ పేపర్ తన్నింది. పక్కవాడు గైడులో ఉన్నది దింపి ఫస్ట్ క్లాసు కొట్టాడు.

గోడమీది_పిల్లి:
వివరించుమంటే వాదించావన్నమాట. లాయరువి కాక ఏమవుతావు.

నల్లకోటు:
ఈయన బాధలో విషయం ఉంది, నవ్వకండి. 1974లో మార్టిన్‌సన్ అనే ఆయన 231 అధ్యయనాలు తిరగేసి, ఖైదీల్ని మార్చే కార్యక్రమాలకు చెప్పుకోదగ్గ ఫలితమేమీ లేదని రాశాడు. ప్రభుత్వాలు దాన్ని పట్టుకుని వేలాడాయి. 1979కల్లా ఆయనే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ మధ్యలో లోపలున్నవాళ్ల సంగతేంటి? ఐదేళ్లకి మాట మార్చే శాస్త్రం కంటే నా సెక్షన్ నయం. ఇవాళ ఉన్నది రేపూ అదే ఉంటుంది.

అంకెలపిచ్చి:
మాట మార్చుకోవడం శాస్త్రానికి తప్పెప్పుడైందండీ? సెక్షన్ మాట మార్చుకోదు, నిజమే. తప్పైనా మార్చుకోదు.

ములాఖత్:
నేను లాయర్ని కాను. మా తమ్ముడు ఒక గొడవ కేసులో రిమాండ్‌లో ఉన్నప్పుడు ఇలాంటి చర్చలు చదవడం అలవాటైంది. మేం పెట్టుకున్న లాయరు వాణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు. బెయిల్ పిటిషన్‌లో "ముద్దాయి పేదవాడు, కుటుంబానికి ఏకైక ఆధారం, వృద్ధులైన తల్లిదండ్రులు కలరు" అని ఉంది. వాడు కాలేజీ పిల్లాడు, వాడి ఫీజు కట్టేది నేను. పాత పిటిషన్‌లో పేరు మార్చి దింపేశారు, ఒకచోట పేరు మార్చడం కూడా మర్చిపోయారు. బెయిల్ కొట్టేశారు. ఆ లాయరు ఈ సబ్జెక్టు చదివుంటే కనీసం మనిషిని అడిగేవాడేమో.

నల్లకోటు:
సారీ అండీ, మీకు అన్యాయమే జరిగింది. కానీ అది బద్ధకం. క్రిమినాలజీలో గోల్డ్ మెడల్ వచ్చినవాడూ ఆ పిటిషనే దింపుతాడు.

అంకెలపిచ్చి:
బద్ధకం కాదు సార్, చూపు లేకపోవడం. మీకు ఎదురుగా మనిషి కూర్చున్నా సెక్షనే కనబడుతుంది. ములాఖత్ గారు ఇంత చెప్పుకుంటే మీరు "అది వేరే తప్పు" అని ఫైలు మూసేశారు. మొదట్నించీ చూస్తున్నా, "ఎందుకు" అన్న మాట వింటేనే మీకు ఒళ్లు మండుతోంది. ఎందుకో చెప్పండి, వింటాం.

నల్లకోటు:
చెప్తాను, వినండి.

మా అక్క మీద దాడి చేసినవాడికి శిక్ష ఖరారు చేసే రోజు నేను కోర్టులోనే ఉన్నాను. కోటు లేకుండా, జనంలో కూర్చుని. శిక్ష వేసేముందు చూసే వాడి నేపథ్యం రిపోర్టు చదివారు. వాడి తండ్రి తాగుబోతు, ఇంట్లో దెబ్బలు, మధ్యలో ఆగిన చదువు, చెడు సావాసాలు. అన్నీ నిజాలే అయ్యుండొచ్చు, నేనేమీ కాదనడం లేదు. జడ్జి గారు తలూపుతూ విన్నారు. శిక్ష తగ్గింది. మా అక్క కుడిచేతి మూడు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు, జడ కూడా తనంతట తాను వేసుకోలేదు. ఆ సంగతి ఆ హాల్లో ఎవరూ చదవలేదు. వాడి చిన్నతనమంతా మీ సబ్జెక్టుకి తెలుసు. అక్క పేరు కూడా తెలియదు.

ఇప్పుడు చెప్పండి, నాకు ఒళ్లు మండకూడదా?

పాత_గుమస్తా:
బాబూ, ఒక్క మాట. శిక్ష తగ్గినందుకా మీ కోపం, అమ్మాయి సంగతి ఎవరూ ఎత్తనందుకా?

నల్లకోటు:
రెండూ. విడదీసి చూడమనకండి. వాడి కథ చెప్పినకొద్దీ మనసు అటు ఒరుగుతుంది. అటు ఒరిగితే ఇటు తేలిపోతుంది. వివరణ అని మీరు పేరు పెట్టినదానికి కోర్టులో పేరు జాలి.

అంకెలపిచ్చి:
అక్కగారి సంగతి విని బాధగా ఉంది. ఇందాక నేను కటువుగా అన్నమాట నిజమే, అయినా ఈ ఒక్కదానికి ఒప్పుకోలేను. వివరణా జాలీ ఒకటి కావు. అమెరికాలో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్విల్ అధ్యయనంలో 506 మంది పిల్లల్ని రెండుగా చేసి, సగం మందికి ఏళ్ల తరబడి సలహాదారులు, ట్యూషన్లు, క్యాంపులు ఏర్పాటు చేశారు. జాలి అంటే అది. 1978లో జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్ల బతుకుల్ని మళ్లీ లెక్కగట్టి చూస్తే, సాయం అందినవాళ్లే కొన్ని విషయాల్లో అధ్వాన్నంగా తేలారు. ఆ చేదు నిజాన్ని అచ్చేసింది ఈ సబ్జెక్టే.

పైగా మీరు విన్న రిపోర్టునే ఇంకో జడ్జి చదివి "ఇలాంటి ఇంట్లో పెరిగాడు, బయటికొస్తే మళ్లీ చేస్తాడు" అని శిక్ష పెంచొచ్చు. అవే వాక్యాలు.

ములాఖత్:
పెంచొచ్చు కాదు, మాకు బెయిల్ దగ్గరే అలా జరిగింది. మేముండే వీధి పేరు చెప్పి, అక్కడి కుర్రాళ్లంతా ఇంతే, వదిలితే సాక్షుల్ని బెదిరిస్తాడు అన్నారు. వాడు ఎవర్నీ బెదిరించలేదు. వీధే ముద్దాయి అయింది.

అంకెలపిచ్చి:
బాధితుల గురించి ఏమీ లేదనడం కూడా సరికాదు. పోలీసు రికార్డుల్ని నమ్మలేమని ఇళ్లకు వెళ్లి "మీ మీద ఏం నేరం జరిగింది" అని జనాన్నే అడిగే సర్వేలు అమెరికాలో 1970ల్లో, ఇంగ్లండ్, వేల్స్‌లో 1982లో మొదలయ్యాయి. ఫిర్యాదు దాకా రాని నేరాలు ఎన్నున్నాయో అలాగే బయటపడింది. మీ అక్కగారి కేసు కనీసం ఫైలు దాకా వచ్చింది.

ఆఖరి_బెంచీ:
ఆ చివరి వాక్యం తీసేయండి బ్రదర్. బాలేదు.

నల్లకోటు:
ఉండనివ్వండి. మనుషుల్ని లెక్కపెట్టేవాళ్లు ఎలా మాట్లాడతారో పిల్లాడికి తెలియాలి.

నాలుగో_సెమ్:
ఇంత దూరం వస్తుందనుకోలేదు. సిలబస్ తెరిచి చూశాను. బాధితుల గురించి ఉన్నది చివరి యూనిట్‌లో రెండు లైన్లు, అదీ మా దగ్గర సాధారణంగా క్లాసులు అయిపోయే టైముకి వచ్చే యూనిట్. నేరస్థుడి మీద మిగతా యూనిట్లన్నీ. నల్లకోటు గారు అన్నది సబ్జెక్టు మొత్తానికి కాకపోయినా మా సిలబస్‌కి సరిపోతుంది. నేను క్రిమినాలజీకే టిక్ పెట్టాను. ప్రాజెక్టుకి శిక్ష ఖరారు రిపోర్టులు తీసుకుంటాను. మేడమ్ ఒప్పుకుంటే.

పాత_గుమస్తా:
మంచి ఆలోచన. పది రిపోర్టులు చదివితే పిటిషన్లు ఎలా దింపుతారో రిపోర్టులూ అలాగే దింపుతారని తెలుస్తుంది. మా సార్ దగ్గర చాలా చూశాను. అందరి తండ్రులూ తాగుబోతులే.

నల్లకోటు:
ప్రాజెక్టుకి పనికొస్తుందని చెప్తున్నాను. మా కేసు రిపోర్టు ఫారం కాపీ నా దగ్గరుంది. నేరం వల్ల బాధితులకు కలిగిన నష్టం రాయడానికి అందులో ఒక గడి ఉంది. అందులో "వర్తించదు" అని రాశారు.

అంకెలపిచ్చి:
అయితే గడి ఉందన్నమాట! అడగాలని ఫారం తయారుచేసినవాళ్లకి తెలుసు. అప్పుడది సబ్జెక్టు తప్పెలా అవుతుంది సార్? నింపనివాడి బద్ధకం కదా?

నల్లకోటు:
ములాఖత్ గారి లాయరు గురించి నేనూ ఆ మాటే అన్నాను. అప్పుడు "బద్ధకం కాదు, చూపు లేకపోవడం" అన్నది తమరే. ముందు ఏదో ఒకటి తేల్చుకు రండి.