ఆర్డర్ మీద వేసిన పటానికి ప్రింట్లు అమ్ముకోవచ్చా?

కుంచె_పని: ఒక పద్మశాలి కుటుంబం మార్కండేయ పురాణం చేర్యాల పద్ధతిలో, అంటే పొడవాటి గుడ్డ మీద గడిగడిగా కథ చెప్పే తెలంగాణ పటంలా, నా చేత వేయించుకుంది. చివరి గడిలో మగ్గం ముందు వాళ్ల తాతగారు ఉండాలన్నారు, వేశాను. ఒరిజినల్ ఇచ్చేముందు స్కాన్ తీసి పెట్టుకున్నాను. ఇప్పుడు ప్రింట్లు అమ్ముతానంటే గొడవకొస్తున్నారు. నేను గుడ్డ అమ్మాను గానీ నా గీత అమ్మలేదు కదా?

నల్లకోటు: అమ్మకూడదండీ. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్ వేయించుకున్నవాళ్లదే. మీరు సొంతంగా వేసి పెట్టుకున్నది కొనుక్కెళ్తే కాపీరైట్ మీదే.

కుంచె_పని: ఆ రూలు పోర్ట్రెయిట్లకి. ఇది పురాణం.

నల్లకోటు: పెయింటింగ్ అని కూడా ఉంది, మళ్లీ చదవండి.

రాధ_కరీంనగర్: మా నాన్నగారి బొమ్మ వేయించుకున్నాం, ఆయన చనిపోయిన ఏడాదే అది ఒక ఎగ్జిబిషన్ స్టాల్లో ఫ్రేమ్ కట్టి కనిపించింది. మా అమ్మ అక్కడే ఏడ్చేసింది. మీ స్కాన్‌లో ఉన్నదీ ఒకళ్ల తాతే.

కుంచె_పని: తాతగారి గడి తీసేసే అమ్ముతా. పురాణం ఎవరి సొత్తు? రవివర్మ 1894లో ప్రెస్ పెట్టి అచ్చేయబట్టే లక్ష్మీ సరస్వతులు పేదవాళ్ల పూజగదుల్లోకి వచ్చారు.

పటం_కథ: చేర్యాల పటాలు మొదట్నుంచీ ఆర్డర్ పనే కదన్నా. కథ చెప్పే కూనపులివాళ్లు, ఈ పటాలు వేసే నకాషీల చేత వేయించుకునేవాళ్లు.

కుంచె_పని: అప్పుడు స్కానర్లు లేవు.

రాధ_కరీంనగర్: కాబట్టి ఇప్పుడు అడగక్కర్లేదా? ఒక్కటే ఉంటుందని కదా అంత డబ్బు పెట్టేది!

కుంచె_పని: ఎంత డబ్బమ్మా? ఖాదీ గుడ్డకి సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత వేసి, ఒక్కోటీ ఆరేదాకా ఆగి, ఆ తర్వాతే ఎర్ర రంగు ముట్టుకోవాలి. అంత పనికి బేరమాడి సగం రేటుకి దింపారు. మిగతాది ప్రింట్ల మీద రాబట్టుకోవచ్చనే ఒప్పుకున్నాను.

రాధ_కరీంనగర్: ఆ మాట అడ్వాన్స్ తీసుకున్న రోజే వాళ్లతో అనాల్సింది.

కుంచె_పని: అంటే ఆర్డరే పోయేది.

పటం_కథ: అదీ అసలు సంగతి. నేను రెండు రేట్లు చెప్తాను. ప్రింట్ హక్కు నా దగ్గరుంటే ఒకటి, వాళ్లకే కావాలంటే ఎక్కువ. కాగితం మీద రాసుకున్నాకే గుడ్డ కోస్తాను.

నల్లకోటు: ఇప్పటికైనా వాళ్లు ఆ హక్కు మీకు రాసి సంతకం పెడితే అమ్ముకోవచ్చు.

కుంచె_పని: రాసివ్వడానికి మళ్లీ డబ్బు అడుగుతారు. నా బొమ్మకి నేనే కట్టాలా? కట్టను.