శివరాత్రి జాగారం సినిమాలతో చేస్తే జాగారమేనా?

మూడో అంతస్తు:
శివరాత్రికి మా అపార్ట్‌మెంట్ డాబా మీద తెర కట్టి, రాత్రి పది నుంచి తెల్లారేదాకా మూడు సినిమాలు వేద్దామని కుర్రాళ్లు అంటున్నారు. ఒకటి భక్తి సినిమా, మిగతా రెండూ మామూలువే. నిద్రపోకుండా ఉంటే చాలు కదా, ఏం చేస్తూ మేలుకున్నామన్నది ఎందుకు అని వాళ్ల వాదన. మా అత్తగారితో పాటు పెద్దవాళ్లంతా ససేమిరా అంటున్నారు. ఇద్దరూ నన్నే తీర్పు చెప్పమంటున్నారు. మీరేమంటారు? రోజులు మారాయి అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, కారణం చెప్పండి.

ప్రభల ఊరు:
వేసుకోనివ్వండి అమ్మా. మాది కోటప్పకొండ దగ్గర. శివరాత్రి తిరునాళ్లకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు, అంటే స్వామి పేరున అలంకరించి నిలబెట్టే ఎత్తైన కట్టడాలు, కట్టుకుని వస్తారు. పెద్ద కరెంటు ప్రభలైతే ఎనభై అడుగుల పైమాటే. ప్రభ ముందు స్టేజీ మీద తెల్లవార్లూ పాటలు, డ్యాన్సులు. మా తాతల కాలంలో అదే చోట హరికథలు, బుర్రకథలు, నాటకాలు ఉండేవి. పగలు కొండెక్కి త్రికోటేశ్వరుణ్ణి చూసుకుని, రాత్రి తమ ఊరి ప్రభ దగ్గర కూర్చునే జనానికి భక్తి లేదంటే నేను ఒప్పుకోను. ఆ ప్రభ కోసం ఊరంతా చందాలు వేసుకుని వారాల తరబడి కష్టపడుతుంది. అయినా పద్ధతి తెలియని తిన్నడు, అదే మన కన్నప్ప, మాంసం నైవేద్యం పెడితే కాళహస్తీశ్వరుడు కాదన్నాడా?

అర్చకుని కొడుకు:
ప్రభల ఊరు గారూ, తిన్నడు పద్ధతి తప్పిన మాట నిజమే, కానీ తన కన్ను పెరికి ఇచ్చాడు. ఆ రెండో సగం వదిలేసి మొదటి సగమే చెప్పడం నాకు బాధగా ఉంటుంది. పద్ధతి పాటించనివాళ్లందరికీ కన్నప్ప పేరు సాకుగా దొరికింది.

ఇక అసలు విషయం. మన పండగల్లో చాలావాటికి సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూస్తాం. శివరాత్రికి మాత్రం అర్ధరాత్రి చతుర్దశి ఉందా అని చూస్తాం. 2024లో ఏమైందో గుర్తు తెచ్చుకోండి. మార్చి 8న పగలంతా త్రయోదశే. చతుర్దశి వచ్చేసరికి రాత్రి పది కావచ్చింది. మర్నాడు సూర్యోదయానికి చతుర్దశి ఉన్నా సాయంత్రానికే వెళ్లిపోయింది. అయినా శివరాత్రి 8నే చేశాం, ఎందుకంటే అర్ధరాత్రి చతుర్దశి ఉన్నది ఆ రోజే. అంటే ఈ పండగ మొత్తం ఆ నడిరాత్రి చుట్టూ కట్టింది. బ్రహ్మ, విష్ణువు ఎవరు గొప్ప అని తగువుపడుతుంటే, మొదలూ చివరా దొరకని అగ్నిస్తంభంగా శివుడు నిలిచిన వేళ అది. లింగోద్భవ కాలం అంటాం.

రాత్రిని నాలుగు జాములు చేసి, మొదటి జాములో పాలు, రెండోదాంట్లో పెరుగు, తర్వాత నెయ్యి, చివర తేనెతో అభిషేకం చేస్తారు. ఒక జాము పూజ ముగిసి రెండో జాము పూజకు సిద్ధం కావాలంటే మేలుకోవాలి. పూజ తీసేసి మెలకువ ఒక్కటే ఉంచుకుంటే, పెళ్లి లేకుండా పందిరి వేసినట్టు ఉంటుంది.

పుస్తకం పురుగు:
నియమం మీరు చెప్పిందే. కానీ మన కవులు చెప్పిన కథ ఆ నియమం కన్నా దయగా ఉంది. కాశీఖండంలో శ్రీనాథుడు చెప్పిన గుణనిధి కథ చూడండి. జూదరి, ఇంట్లో వస్తువులు తగలేసినవాడు, ఇల్లు వదిలి ఆకలితో తిరుగుతున్నవాడు. శివరాత్రి నాడు ప్రసాదాల వాసన పట్టుకుని గుడికి పోయాడు. భక్తులు కునుకు తీసేదాకా కాచుకుని దొంగతనానికి లోపలికి దూరాడు. దీపం కొండెక్కబోతుంటే, తనకు కనబడాలి కదా, బట్ట చింపి వత్తి వేశాడు. పారిపోతూ కాపలావాళ్ల చేతిలో చచ్చాడు. యమదూతలు వస్తే శివదూతలు అడ్డుపడి తీసుకుపోయారు. చివరికి కుబేరుడయ్యాడు. వాడికి భక్తి ఉందా? సంకల్పం ఉందా? కడుపు కాలి ఉపవాసం, దొంగతనానికి జాగారం. వాడికే దక్కిన పుణ్యం డాబా మీద కూర్చున్న పిల్లలకు ఎందుకు దక్కదు?

ప్రభల ఊరు:
ఇది సరైన మాట.

అర్చకుని కొడుకు:
పుస్తకం పురుగు గారూ, మీరు మంచి కథ తెచ్చారు. కానీ దాన్నే ఇంకోసారి చదవండి. శివదూతలు వాడి పక్షాన చెప్పే మాటల్లో ఆ వత్తి ఉంది. వాడి ఉద్దేశం ఏదైనా, వాడు చేసిన పనివల్ల గర్భగుడిలో వెలుగు నిలిచింది. మారేడు చెట్టెక్కిన వేటగాడి కథా అంతే. జింక కోసమే మేలుకున్నాడు, కానీ వాడి చేతి ఆకులు కింద ఉన్న లింగం మీద పడ్డాయి. రెండు కథల్లోనూ తెలియకుండానే అయినా ఏదో ఒకటి శివుడికి చేరింది. ఉత్త మెలకువతో ఎవరూ కైలాసానికి పోలేదు. పిల్లల్ని తప్పుపట్టడం లేదు. ఆ రాత్రి వాళ్ల చేతుల మీదుగా శివుడికి ఏం చేరుతుందో ఒక్కసారి అడగమంటున్నాను, అంతే.

ఇంకో మాట. గుణనిధికి తెలియదు. మనకు తెలుసు. తెలియక చేసినవాడికి దొరికిన మినహాయింపును తెలిసినవాళ్లం అడగడం న్యాయం కాదు.

రాత్రి డ్యూటీ:
నేను నర్సుని. నెలలో సగం రాత్రులు మేలుకునే ఉంటాను, అందుకే ఈ ప్రశ్న నాకు దగ్గరిది. మెలకువకే పుణ్యం వస్తుందంటే నాకు ఏటా వందకు పైగా శివరాత్రులు జరిగినట్టు లెక్క. అలా నేనెప్పుడూ అనుకోలేదు. శివరాత్రి నాడు డ్యూటీ పడితే పన్నెండు గంటల వేళ రౌండ్స్ మధ్య మనసులో పంచాక్షరి అనుకుంటాను. మిగతా రాత్రుల నుంచి ఆ రాత్రిని వేరు చేసేది నాకు ఆ కాసేపే. కాబట్టి నేను అర్చకుని కొడుకు గారి వైపే, కానీ నాలుగు జాముల పూజ చేయలేనివాళ్లకి ఏమీ దక్కదంటే మాత్రం ఒప్పుకోను.

మీ డాబా మీదకు వచ్చే పెద్దవాళ్లకి ఒక మాట చెప్పండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతూ, మందు వేసుకుని ఏమీ తినకుండా ఉంటే షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తర్వాత స్పృహ తప్పడం. ముందే డాక్టర్‌ని అడగాలి. పళ్లు, పాలు తీసుకుని ఉండటం కూడా ఉపవాసమే. రాత్రంతా మేలుకున్నవాళ్లు పొద్దున్నే బండి తీయొద్దు. ఇది టెన్షన్ పెట్టడానికి కాదు, క్యాజువాలిటీలో చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

మగ్గం ఇల్లు:
శ్రీశైలం సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్కడ శివరాత్రి రాత్రి పాగాలంకరణ, అంటే స్వామికి తలపాగా చుట్టే వేడుక, జరుగుతుంది. చీరాల వైపు చేనేత కుటుంబంవాళ్లు ఏడాది పొడవునా రోజుకో మూర చొప్పున ఆ పాగా నేస్తారు. ఆ రాత్రి గుడిలో దీపాలన్నీ ఆర్పేస్తారు. నేసినాయన దిగంబరంగా పైకెక్కి, గర్భాలయం శిఖరం నుంచి ముఖమండపం మీది నందుల దాకా చీకట్లోనే పాగా చుడతాడు. సంవత్సరం కష్టాన్ని ఎవరి కంటా పడకుండా స్వామికి ఇచ్చి దిగుతాడు. వేలమంది జనం ఆ చీకట్లో నమశ్శివాయ అంటూ నిలబడతారు. అంత గుడిలో దీపాలు ఆర్పగలిగినప్పుడు మీ డాబా మీద ప్రొజెక్టర్ ఆపలేరా? పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా తెర ఆపేయండి. చిన్న లింగం పెట్టి పిల్లల చేతే నీళ్లు పోయించండి.

పుస్తకం పురుగు:
దీనికి నేనూ సరే. అర్చకుని కొడుకు గారు అడిగిన 'ఏం చేరుతుంది' అన్నదానికి ఇదే జవాబు. తెలిసినవాళ్లు తెలియనివాళ్ల మినహాయింపు అడగకూడదన్నదాంతో మాత్రం ఏకీభవించను. శివుడి దగ్గర లెక్కలు అంత కచ్చితంగా ఉంటే ఆయన్ని భోళాశంకరుడని ఎందుకంటాం?

అర్చకుని కొడుకు:
అక్కడ మనకు కుదరదు లెండి. ఆ గంట మాత్రం తగ్గించకండి. మిగతా రెండు సినిమాల బదులు ఒక హరికథో భజనో పెట్టమనే ఇప్పటికీ నా మాట.

మూడో అంతస్తు:
అందరికీ నమస్కారం. పన్నెండింటి గంట సంగతి కుర్రాళ్లకి చెప్పాను, నీళ్లు పోయడానికి ముందుగానే ఒప్పుకున్నారు. అత్తగారు ఇంకా మెత్తబడలేదు. ఆవిడ బాధ సినిమా కన్నా సౌండ్ గురించి. రాత్రంతా కింద గదిలో జపం చేసుకుంటారు, పైన ఫైట్లు వినబడితే ఎలా అంటున్నారు.

ప్రభల ఊరు:
ఆమె అన్నది న్యాయమే. మా తిరునాళ్లు కొండ దగ్గర, మీది ఇళ్ల మధ్య. పైగా 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండగలకు ప్రభుత్వం సడలింపు ఇచ్చినా పన్నెండు దాకే, అదీ ఏడాదికి 15 రోజులు మించకూడదు. మీ బిల్డింగ్‌లో ఇంటర్ పరీక్షల పిల్లలు కూడా ఉండి ఉంటారు. తెర డాబా మీద నుంచి తీసి, సెల్లార్‌లో తలుపులు వేసుకునే గది ఏదైనా ఉంటే అక్కడ పెట్టించండి. అత్తగారిని పన్నెండింటి పూజకు మీరే స్వయంగా పిలవండి, కుర్రాళ్లని పంపొద్దు.