ఓనర్ గారు అద్దె పెంచారు. ఫ్లాట్ కొనేయాలా, ఇంకో ఇల్లు వెతుక్కోవాలా?

ప్రగతినగర్_టీచర్:
నమస్తే అండీ. మేం హైదరాబాద్ ప్రగతినగర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. అద్దె 15 వేలు, మెయింటెనెన్స్ 2 వేలు. నిన్న ఓనర్ గారు ఫోన్ చేసి వచ్చే నెల నుంచి అద్దె 19 వేలన్నారు. ఒకేసారి నాలుగు వేలా అంటే, "బయట కనుక్కోండమ్మా, 22కి తక్కువ లేదు" అన్నారు. కనుక్కున్నాం. ఆయన చెప్పింది నిజమే, అదే ఇంకా ఒళ్లు మండుతోంది.

మా వారు జీడిమెట్లలో ఒక ఫార్మా కంపెనీలో కెమిస్ట్, చేతికి 46 వేలు. నాకు ప్రైవేట్ స్కూల్లో 23 వేలు, మే నెలలో సగమే. పాప ఫీజు, వ్యాను, అత్తయ్య గారి షుగర్ మందులు పోను చిట్టీ కట్టడానికే కిందా మీదా పడుతున్నాం. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకర్ డబ్బులు వేరే. కిరాణా లిస్టులో రాసేదానికంటే రాశాక కొట్టేసేదే ఎక్కువైంది. జీడిపప్పు ఎప్పుడో పోయింది, మొన్న కందిపప్పు రెండు కిలోల నుంచి ఒకటిన్నరకి దిగింది. సాంబారు పల్చబడిందని ఇంట్లో ఇంకా ఎవరూ అడగలేదు లెండి.

ఇంత అద్దె పోసే బదులు ఈఎంఐ కట్టుకోవచ్చు కదా అని అందరూ అంటున్నారు. రెండు చూశాం. బీరంగూడలో 1,050 ఎస్‌ఎఫ్‌టీ రీసేల్ ఫ్లాట్ 54 లక్షలు. అమీన్‌పూర్ వైపు ప్రీ లాంచ్ ఫ్లాట్, అంటే ఇంకా అధికారికంగా అమ్మకానికి పెట్టనిది, 36 లక్షలే, కానీ మొత్తం ముందే కట్టాలట. ఊళ్లో మామయ్య గారి అరెకరం అమ్మి కట్టేయమని ఏజెంట్ సలహా! మా దగ్గర అన్నీ ఊడ్చితే 11 లక్షలు. బంగారం మాత్రం తీయనని చెప్పేశా. ఏం చేయమంటారు?

లోన్_డెస్క్:
మేడమ్, నేను బ్యాంకులో హోమ్ లోన్ ఫైళ్లే చూస్తాను. 54 లక్షల ఫ్లాట్‌కి ఎక్కువలో ఎక్కువ 80 శాతం, అంటే 43 లక్షల చిల్లర లోన్ వస్తుంది. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ 37,500 దాకా పడుతుంది. మీ ఇద్దరి జీతం కలిపి 69 వేలు. సగం పైన దానికే. పైగా మొదటి నెల కట్టే దాంట్లో 30 వేల పైన వడ్డీయే.

మీ 11 లక్షలు డౌన్ పేమెంట్‌కే చెల్లు. మరి రిజిస్ట్రేషన్? తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం, 54 మీద 4 లక్షల పైమాట. అది లోన్‌లో రాదు. ఆ 1,050 కూడా సూపర్ బిల్టప్ (మెట్లు, లిఫ్టు, కారిడార్లలో వాటా కలిపిన లెక్క) అయ్యుంటుంది, గదులు కొలిస్తే చాలా తగ్గుతుంది. టేపు పట్టుకెళ్లండి.

చెరువు_పక్కింటోడు:
అక్కా, ఆ ప్రీ లాంచ్ జోలికి పోకండి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలం లేదా ఎనిమిదికి మించి ఫ్లాట్లు ఉంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా బుకింగే తీసుకోకూడదు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి అడ్వాన్సూ తీసుకోకూడదు. వాళ్లు నూటికి నూరూ ముందే అడుగుతున్నారంటే ఇంకేం చూడాలి? పైగా మా అమీన్‌పూర్ వైపు భూముల సంగతి ముందు తేల్చుకోవాలి. 2024 సెప్టెంబర్‌లో పటేల్‌గూడ, కిష్టారెడ్డిపేటల్లో ప్రభుత్వ భూమి అని హైడ్రా (ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) కట్టడాలు కూల్చేసింది గుర్తుందా? సర్వే నంబర్ అడగండి, నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూముల లిస్టు) ఉందేమో చూడండి. నంబర్ చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి. అరెకరం అమ్మమన్నవాడికి కమీషన్ ఎంతో!

షాపూర్‌నగర్_బాబాయ్:
అమ్మా, కొనే సంగతి తర్వాత. ఓనర్‌తో ఇంకోసారి కూర్చోండి. మీరు ఖాళీ చేస్తే ఆయనకీ ఒక నెల అద్దె పోతుంది, రంగులేయించాలి, బ్రోకర్‌కి ఇవ్వాలి. 17 వేలకి ఒప్పించి, ఏడాదికి 5 శాతమే పెంచేలా కాగితం రాయించుకోండి. కుదరకపోతే సూరారం, గాజులరామారం చూడండి, మీ ఆయనకి డ్యూటీ దగ్గరవుతుంది.

ప్రగతినగర్_టీచర్:
అందరికీ థాంక్స్. ప్రీ లాంచ్ ఏజెంట్‌ని సర్వే నంబర్ అడిగితే "ముందు టోకెన్ కట్టండి మేడమ్" అన్నాడు, అంతటితో సరి. గాజులరామారం అయితే పాప స్కూలు మార్చాలి, పదో తరగతి ముందు టెన్షన్ వద్దనుకున్నాం. ఓనర్ గారు 17,500 దాకా దిగారు, కాగితం మాత్రం వద్దంటున్నారు. బీరంగూడ వాళ్లు 50కి ఇస్తామంటున్నారు, ఆదివారం వెళ్తున్నాం. కొలవడానికి కుట్టుమిషన్ టేపు బ్యాగులో వేసుకున్నా.

లోన్_డెస్క్:
50 అయినా ఈఎంఐ 34,700 మేడమ్, తొందరపడకండి. ఓసీ (బిల్డింగ్‌లో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్ల (పాత యజమానుల దస్తావేజుల) కాపీలు అడిగి తెచ్చుకోండి. కుట్టు టేపు ఐదడుగులే ఉంటుంది, హార్డ్‌వేర్ షాపులో స్టీలుది తీసుకోండి.